తూకం గల పుస్తకాలు

నీళ్ళపల్లిలో నీళ్ళు ఊరి పేరులో తప్ప ఇంకెక్కడా ఉండేవి కావు. పంతొమ్మిది వందల అరవై రెండులో అయితే మరీ అన్యాయం. ఆ ఏడు పడిన ఒకే ఒక చినుకు అంగడి తిమ్మప్ప చేలో పడిందని, పక్కచేను ఆసామి గెనిమ గట్టు మీద నిలబడి అందులో తన వాటా అడిగాడని, పంచాయతీ మూడు రోజులు నడిచిందని, తీర్పు వచ్చేలోపల ఆ చినుకు కాస్తా ఆవిరైపోయిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి ఊరికి సర్కారు వాన పంపలేకపోయింది. పోనీ ఊరికే ఉండడం ఎందుకని పుస్తకాలు పంపింది.

అవి ఒక చెక్కపెట్టెలో వచ్చాయి. పెట్టె మీద తెల్లరంగుతో ‘బాలల పెట్టె’ అని రాసి ఉంది. లోపల అరవై పుస్తకాలు. వాటితోపాటు ఉరవకొండ నుంచి గ్రంథాలయాల ఇన్స్పెక్టరు సంతకం పెట్టిన కాగితం ఒకటి. అందులో రెండే ముక్కలు. మొదటిది: ఆరు నెలలలో పిల్లలు చదవని పక్షంలో పెట్టె మరొక గ్రామానికి తరలించబడును. రెండవది: బాలబాలికలకు వారి వారి తరగతికి దగిన తూకముగల గ్రంథములనే సిఫారసు చేయవలెను.

పెట్టె దిగింది మాబు సాబ్ ముందర. మాబు సాబ్ దర్జీ. పొద్దున పూట రవికెలు, లాగులు కుట్టేవాడు. సాయంత్రం నాలుగింటి నుంచి ఏడింటి దాకా ఊరి లైబ్రరీ తెరిచేవాడు. లైబ్రరీ అంటే పెద్ద మేడ ఏమీ కాదు. ఒకప్పటి బందెల దొడ్డిలో కాపలావాడు కూర్చునే గది. చేలల్లో పడి మేసిన ఊరి పశువులను తెచ్చి కట్టేసే దొడ్డి అది. పశువులు పోయి పదేళ్ళు దాటినా, పేడ వాసన మాత్రం సభ్యత్వం వదులుకోలేదు.

ముప్పై ఏళ్ళుగా టేపు పట్టకముందే మనిషి కొలత చెప్పేసే కండ్లు మాబు సాబ్‌వి. పిల్లలకు పుస్తకం చెప్పడంలోనూ అదే పద్ధతి. గుమ్మంలో నిలబడినవాణ్ణి కింది నుంచి మీదికి ఒకసారి చూసేవాడు. బడి ఎగ్గొట్టి వచ్చినవాడికి దొంగల కథ. చీకటంటే జడిసేవాడికి దయ్యాల కథ. ఇంట్లో తన్నులు తిని ముక్కు చీదుకుంటూ వచ్చినవాడికి రాజుని ముప్పుతిప్పలు పెట్టిన ముసలమ్మ కథ. పుస్తకం చేతికిచ్చి ఊరుకునేవాడు కాదు. మొదటి నుంచి తనే కథ ఎత్తుకుని, పులి నోరు తెరిచేదాకా తెచ్చి, టక్కున ఆపేసేవాడు.

“ఆపినావేం తాతా? పులి ఏం చేసింది?”

“నాకేం తెలుసు? ఆ పుస్తకంలో ఉండాది. కావల్లంటే కొండబో. నువ్వు సదివేదాకా అది అట్లే నోరు తెర్సుకోని ఉంటాది. దానికీ దవడలు నొప్పి పుడతాయి పాపం.”

పిల్లలు తిట్టుకుంటూ తీసుకుపోయేవారు. మర్నాడు తెచ్చి పడేసి, ఇంకొకటి తీసుకుపోయేవారు. మూడు వారాల్లో పెట్టె అడుగు కనబడింది.

అందరికన్నా గట్టి పిండం మారెక్క. గొర్రెల కాపరి కూతురు, నాలుగో తరగతి. మాబు సాబ్ చెప్పేదాకా కూడా ఆగలేదు. పెట్టెలో అన్నిటికన్నా లావుగా ఉన్నదాన్ని రెండు చేతులా పైకి లాగింది. దాని పేరు ‘నూరు తలుపుల కోట’. ఒక్కొక్క తలుపు వెనక ఒక్కొక్క గండం. రోజుకు రెండు తలుపులు తెరుచుకుంటూ పోయి, ముప్పై రెండో తలుపు మీద చెయ్యి పెట్టే వేళకు ఆదెప్ప అయ్యవారు వచ్చి పడ్డాడు.

ఆదెప్ప అయ్యవారు హయ్యర్ ఎలిమెంటరీ బడికి హెడ్మాస్టరు, లైబ్రరీ సంఘానికి కార్యదర్శి. బడి గంట కొట్టకముందూ, కొట్టిన తరువాతా ఆయనకు చెనక్కాయల బేరం. ఆ రెండు గంటల మోతల మధ్య పిల్లలను చూసినా వరసగా పేర్చిన మూటల్లాగే కనబడేవారు. ఆయన ఆఖరున తెరిచిన పుస్తకం తాను టీచరు పరీక్షకు చదివినది. అదీ జవాబు ఉన్న చోట మాత్రమే తెరిచాడు. మిగతా పేజీలు ఇప్పటికీ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

“ఏమప్పా మాబూ, సర్కారు కాగితం సదివినావా నువ్వు?” అన్నాడు అయ్యవారు, ఆ కాగితాన్ని విసనకర్రలాగా ఊపుతూ.

“సదివినా అయివారూ.”

“సదివి ఏం లాభం? తరగతికి తగిన తూకం గల పుస్తకాలియ్యల్ల అని రాసుండాది. నువ్వు తూకం లేకుండా గంపగుత్తగా పంచిపెడతాండావే!”

మాబు సాబ్ నవ్వాడు. అయ్యవారు నవ్వలేదు. మాబు సాబ్ నవ్వు మెల్లగా వెనక్కి పోయింది.

“అయివారూ, తూకం అంటే ఆ తూకం కాదు. ఫలానా మనిషి తూకంగా మాట్లాడినాడు అంటామే, అట్లాంటిది. సరుకుండే పుస్తకం, పిల్లోని తలకెక్కే పుస్తకం అని.”

“సరుకుంటే తూకం ఉండదా? తూకం లేని సరుకు నువ్వు యాడన్నా సూసినావా?” అయ్యవారు కాగితం మడిచి జేబులో పెట్టాడు. “సర్కారు కాగితంలో కవిత్వం ఉండదప్పా. నీ ఇష్టమొచ్చినట్టు కోతలు కొయ్యడానికి ఇది నీ కుట్టంగడి కాదు.”

మర్నాడే తిమ్మప్ప అంగడి నుంచి తక్కెడ వచ్చింది. కిలోలు, గ్రాములు కొత్తగా దిగిన రోజులవి. ఊళ్ళో ఎవరికీ అవి నోరు తిరగడం లేదు. అయ్యవారికీ తిరగలేదు గనుక పాత పలాల రాళ్ళే తెచ్చాడు. తరగతికి ఒక పలం. ఒకటో తరగతి వాడికి ఒక పలం పుస్తకం, ఐదో తరగతి వాడికి ఐదు పలాలు, ఎనిమిదో తరగతి వాడికి ఎనిమిది. ముల్లు నడిమిట్లో నిలబడితేనే పుస్తకం గడప దాటాలి. దూలానికి తక్కెడ వేలాడదీసి, దాని పక్కనే కుర్చీ వేసుకుని, రోజూ సాయంత్రం చెనక్కాయల మండీకి పోయేముందు ఒక గంట అక్కడ కూర్చునేవాడు.

పలం తూగే పుస్తకం ఏదీ పెట్టెలో లేదు. లైబ్రరీ మూలన వ్యవసాయ శాఖవారి పాత కరపత్రాల కట్ట ఒకటి ఉండేది: ‘చెనక్కాయ పంటలో ఎర్రగొంగళి పురుగు నివారణ’. అది సరిగ్గా పలం తూగింది. ఇంకా అ ఆలు దాటని పిల్లలందరూ తలా ఒక ఎర్రగొంగళిని చంకన పెట్టుకుని ఇళ్ళకు పోయారు. ఎనిమిది పలాలకు ముల్లు నిలబడిన పుస్తకం ఒకటే: ‘సముద్రపు చేపల పెంపకం’. చేపను బొమ్మలో తప్ప చూడని ఎనిమిదో తరగతి వాడొకడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అయివారూ, ఇది సదివి ఏం చెయ్యల్ల?”

“చేపలు పెంచల్ల.”

“నీళ్ళు?”

“అది తొమ్మిదో తరగతిలో వస్తాది. పో.”

తరువాత మారెక్క వంతు వచ్చింది. ముప్పై రెండో తలుపు దగ్గర నెమలీక పెట్టుకుని ఉన్న పుస్తకాన్ని అయ్యవారు లాక్కుని తక్కెడలో పెట్టాడు. రాళ్ళన్నీ ఎక్కించినా చాలక, తిమ్మప్ప అంగడికి ఇంకో రాయి కోసం మనిషిని పంపాల్సి వచ్చింది.

“ఇరవై పలాలు! నాలుగో తరగతి పిల్ల ఇరవై పలాలు సదువుతాదా? మెదడు బెణుకుతాది!”

“అయివారూ, నేను దినామూ వంక ఇసుకలో చెలిమె తవ్వి రెండు కడవల నీళ్ళు మోస్తా,” అంది మారెక్క. “అవి ఎన్నో తరగతివి?”

వెనక నిలబడిన పిల్లలు కిసుక్కుమన్నారు. అయ్యవారు చెవులదాకా ఎర్రబడి, పుస్తకం తీసి అందనంత ఎత్తున అలమర మీద పెట్టేశాడు.

“నువ్వు ఇరవయ్యో తరగతికి వచ్చినాక తీసుకో. అందాకా ఇది సదువు.” ఆమె చేతికి నాలుగు పలాల పుస్తకం ఇచ్చాడు. ‘కోళ్ళకు వచ్చు కొక్కెర తెగులు’.

మారెక్క దాన్ని మళ్ళీ తక్కెడలోనే పెట్టి వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఇంకో నలుగురు పోయారు. వారం తిరిగేసరికి సాయంత్రం పూట ఆ గదిలో మాబు సాబ్, అయ్యవారు, పేడ వాసన తప్ప ఎవరూ లేరు.

“అయివారూ, పిల్లోల్లు రాకుంటే పెట్టె ఎత్తుకపోతారు. ఆ కాగితంలోనే ఉండాది,” అన్నాడు మాబు సాబ్.

“పోతే పోనీ. తూకం తప్పకూడదు.”

మూడో నెలలో మాబు సాబ్ దారపు ఉండల కోసం ఉరవకొండకు పోయి, పనిలో పనిగా గ్రంథాలయ ఆఫీసుకూ తొంగి చూశాడు. అక్కడి బంట్రోతు పాత పరిచయస్తుడు. టీ తాగుతూ అసలు సంగతి చెవిలో వేశాడు. ఇన్స్పెక్టరు దొర ఆ పెట్టెను పెన్న ఒడ్డున తన బావమరిది ఉండే ఊరికి ఎప్పుడో మాటిచ్చేశాడట. ఆరు నెలలు నిండే రోజు కోసం కాచుకుని ఉన్నాడట. మాబు సాబ్ తిరుగు బస్సులో దారపు ఉండలు ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా ఎవరితోనూ ఒక్క కోతా కొయ్యలేదు. కండక్టరు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఊళ్ళో ఆ పెట్టె తప్ప పిల్లలకు కథ పుస్తకం అనేది ఇంకొకటి లేదు. బడిలో ఉన్న ఒకే ఒక బొమ్మల పుస్తకాన్ని అయ్యవారు పిల్లలు ముట్టి పాడు చేస్తారని బీరువాలో పెట్టి తాళం వేస్తే, దాన్ని ముట్టకుండానే చెదలు పాడు చేశాయి. ఈ పెట్టె పోతే ఇంక ఎర్రగొంగళి ఒకటే దిక్కు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మాబు సాబ్ నమాజు ముగించుకుని వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. మారెక్క తన అమ్మ రవికె ఒకటి పట్టుకుని వచ్చింది.

“తాతా, ఇది మా అమ్మకు బిగుతైపోయింది. నాకూ మా చెల్లికీ సరిపోయేట్టు చేసియ్యల్లంట.”

“ఒక రవికె ఇద్దరికా?”

“పెద్దది ఇప్పితే చిన్నవి రెండు అయితాయి గదా తాతా! నువ్వు దర్జీవా, నేను దర్జీనా?”

మాబు సాబ్ కత్తెర చేతిలో అట్లాగే ఆగిపోయింది. మారెక్కను చూశాడు. రవికెను చూశాడు. లేచి లైబ్రరీ గదికి పోయి, స్టూలెక్కి, అలమర మీది నుంచి ‘నూరు తలుపుల కోట’ దించుకుని వచ్చాడు. వెన్ను మీది గుడ్డ నెమ్మదిగా ఒలిచి చూస్తే లోపలంతా మంచి దారపు కుట్టు. పదహారేసి పేజీల మడతలు, ఒకదాని మీద ఒకటి.

కంచంలో బియ్యం ఏరుకుంటున్న జుబేదాబీ, ఆయన భార్య, తలెత్తి చూసింది.

“అయ్యో అయ్యో! సదువుకునే పుస్తకానికి కత్తెర పెడతాండావే, నీకు తలకాయ ఉండాదా?”

“కత్తెర యాడ పెట్టినా? కుట్టు ఇప్పతాండా. గుండీలు తీస్తే మనిషి చచ్చిపోతాడా?”

“సర్కారు పుస్తకం! ఉద్యోగం ఊడబీకుతారు.”

“ఊడితే ఆ పేడ వాసన ఒకటి తప్పుతాది.”

“నీ నోటికి కుట్టేయాలంటే ఈ అంగట్లో ఉండే దారం చాలదు,” అంటూనే ఆమె లేచి పొయ్యి మీద మైదా ఉడకేసింది. జిగురు పలచనైతే పట్టదని రెండు సార్లు కలిపింది. రవికె గుడ్డ ముక్కల మూటలో నుంచి పచ్చ పూలది, ఎర్ర చుక్కలది, నీలం గళ్ళది ఏరి పక్కన పెట్టింది. అవే అట్టలు. అసలు అట్టలు తీసి చూస్తే అవే రెండు పలాలున్నాయి.

“అట్టను ఏ తరగతోడు సదువుతాడు?” అని వాటిని మిషను కిందికి తోసేశాడు మాబు సాబ్.

ఐదు భాగాలు చేశాడు. గోతాలు కుట్టే దబ్బనంతో కుట్టాడు. తక్కెడ చూసి మాత్రం భాగాలు చెయ్యలేదు. మారెక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఏ తలుపు దగ్గర ఆపితే ప్రాణం విలవిలలాడుతుందో అడిగి, అక్కడే విప్పాడు. ముందు అక్కడ ఆపి, పలమో అరపలమో తక్కువైతే వెనక ఒక ఎర్రగొంగళినో సగం గొంగళినో కలిపి కుట్టి తూకం సరిచేశాడు.

సోమవారం సాయంత్రం మారెక్క ఎర్ర చుక్కల రెండో భాగం తెచ్చి తక్కెడలో పెట్టింది. ముల్లు బాణంలాగా నిలబడింది. అయ్యవారి ముఖం వికసించింది.

“ఇదీ పద్ధతంటే! నాలుగో తరగతి, నాలుగు పలాలు. దీని పేరేంది?”

“నూరు తలుపుల కోట అయివారూ.”

“ఆ లావుపాటి దాని పేరూ అదే గదా?”

“ఇది దాని బిడ్డ అయివారూ,” అన్నాడు మాబు సాబ్, సూదికి దారం ఎక్కించుకుంటూ. “ఈనింది. ఒకే ఈతలో ఐదు. బందెల దొడ్డి గదా, గాలి అట్లాంటిది.”

“నీ కోతలు మానవు గదా నువ్వు,” అని అయ్యవారు మురిసిపోతూ పుస్తకం అమ్మాయి చేతికిచ్చాడు. ఒక్క పేజీ తెరిచి చూసినా అది సగం వాక్యంతో మొదలవుతోందని తెలిసేది. అట్లా తెరిచి చూసే దురలవాటు ఆయనకు లేదు.

ఆ తరువాత మాబు సాబ్ చెయ్యి ఆగలేదు. ఆరు పలాల దొంగల కథ మూడేసి పలాలవి రెండుగా పుట్టింది. పన్నెండు పలాల సముద్రయానం నాలుగైంది. ఎనిమిదో తరగతి వాళ్ళకు బరువు చాలకపోతే చేపల పెంపకాన్నే విప్పి భాగాలు చేసి, వాటి మధ్యలో దయ్యాల కథను దాచి కుట్టాడు. పిల్లలు కట్టలు తెంచుకుని వచ్చారు. ఒక్కటే కంప్లైంటు.

“తాతా, రాకుమారుడు గుర్రమెక్కి కోట దాటినాడు. ఆన్నే ఎర్రగొంగళి పురుగు వచ్చింది. దాని మీద బూడిద చల్లమంటాండారు. రాకుమారుడు చల్లల్లనా?”

“నువ్వు దాటుకోని పో నాయనా. గొంగళ్ళను దాటలేనోడు కోట ఏం దాటుతాడు?”

ఐదో నెల నిండేసరికి గుమ్మంలో వరస దొడ్డి గోడ దాకా పెరిగింది. అయ్యవారు కనిపించిన వాళ్ళకల్లా చెప్పుకున్నాడు. “తూకం పెట్టినాక సూడండప్పా, సదువు ఎట్ల పెరిగిందో! మండీలో అయినా బడిలో అయినా రాయి సరిగ్గా ఉండల్ల.” వింటున్న తిమ్మప్ప, తన తక్కెడకు ఇంత చదువు ఉందని తెలియక ఇన్నాళ్ళూ దానిలో ఉల్లిగడ్డలు తూచానే అని విచారపడ్డాడు.

ఆరు నెలలు నిండిన మర్నాడే, పొద్దున తొమ్మిదింటికి, ఇన్స్పెక్టరు దిగాడు. వట్టి చేతులతో రాలేదు. వెనకాల ఉరవకొండ నుంచి ఎద్దులబండి కట్టించుకుని వచ్చాడు. కోస్తా జిల్లాల మనిషి. మూడేళ్ళుగా ఈ పీఠభూమి మీద తిరుగుతున్నా చంకలో గొడుగు మాత్రం వదలలేదు. అది విప్పిన పాపాన పోలేదు గనుక లోపల సాలెపురుగు సంసారం పెట్టుకుందని బంట్రోతులు చెప్పుకునేవారు.

ముందురోజే కబురు అందినందువల్ల పిల్లల దగ్గరున్న పుస్తకాలన్నీ తెప్పించి పెట్టెలో సర్ది ఉన్నాయి. ఇన్స్పెక్టరు కుర్చీలో కూర్చుని జేబులో నుంచి ముందే రాసుకొచ్చిన రసీదు తీశాడు. ‘అరవై పుస్తకములు గల బాలల పెట్టెను స్వాధీనపరచుకొనడమైనది.’ సంతకం కూడా పెట్టే ఉంది.

“మీ ఊరి పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదని తెలిసింది. పెట్టె తీసుకుపోతున్నాను,” అన్నాడు.

మాబు సాబ్ పుస్తకాలిచ్చిన రిజిస్టరు ముందు పెట్టాడు. ఇన్స్పెక్టరు పేజీలు తిప్పాడు. తిప్పినకొద్దీ పేర్లే. ఆయన మొహం చిట్లించి మూసేశాడు.

“ఇవన్నీ దొంగ రాతలు. నాలుగో తరగతి పిల్ల ఆరు నెలల్లో ఇన్ని పుస్తకాలు చదువుతుందా? మా అబ్బాయి పదో తరగతి. ఇంతవరకూ ఒక్కటి చదవలేదు. నేనే చదవలేదు! ఏదీ, పుస్తకాలు లెక్కపెట్టండి.”

మాబు సాబ్ ఒక్కొక్కటీ తీసి చేతికిస్తుంటే ఇన్స్పెక్టరే లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. రసీదు ముందుకు జరిపాడు. మాబు సాబ్ ఇంకొకటి ఇచ్చాడు. అరవై ఒకటి. ఇంకొకటి. నూటముప్పై ఒకటికి వచ్చేసరికి ఇన్స్పెక్టరు గొంతు తడారిపోయింది. మారెక్క చెలిమె నీళ్ళు ఇచ్చి బడికి పరుగెత్తింది. అవి తాగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. రెండోసారీ నూటముప్పై ఒకటే.

“ఏమిటయ్యా ఇది? అరవై పంపితే నూటముప్పై ఒకటి ఎలా అయ్యాయి?”

“తూకం సార్,” అన్నాడు ఆదెప్ప అయ్యవారు ముందుకొచ్చి, మెడల్ కోసం నిలబడినవాడిలాగా. “మీ కాగితం ప్రకారమే, తరగతికి ఒక పలం చొప్పున. ఒక్కరోజు కూడా ముల్లు తప్పలేదు.”

ఇన్స్పెక్టరు దూలానికి వేలాడుతున్న తక్కెడను అప్పుడు చూశాడు. ఒక పుస్తకం తెరిచాడు, ఇంకొకటి తెరిచాడు. నీలం గళ్ళ గుడ్డ, సగం వాక్యం, కింద ఎర్రగొంగళి పురుగు. సంగతి అర్థమై కుర్చీలో నుంచి లేచాడు.

“పుస్తకాలు చించేశారా! సర్కారు ఆస్తిని!”

“చించలేదు సార్,” అన్నాడు మాబు సాబ్. “కుట్టు ఇప్పి కుట్టినా. ఒక్క పేజీ పోయింటే సూపించండి, నా చెయ్యి కోసిస్తా.”

ఇన్స్పెక్టరు నాలుగు పుస్తకాల పేజీ అంకెలు వేలుపెట్టి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. తనిఖీ ఫారం తీశాడు. అందులో గడులు ఉన్నాయి. పోయినవి. చిరిగినవి. చెదలు తిన్నవి. వానకు తడిసినవి. కలం ఒక్కొక్క గడి మీదా నిలబడి, దిక్కు తోచక ముందుకు పోయింది.

“పెరిగినవి అని గడి లేదా సార్?” అన్నాడు మాబు సాబ్ వినయంగా. “బందెల దొడ్డి రిజిస్టరులో ఉండేది సార్. ఈనిన ఆవులకి. పాతది ఆ మూలనే ఉండాది, కావల్లంటే తెస్తా.”

“నోరు మూసుకో!”

“నూటముప్పై ఒకటీ బండికెత్తేదా సార్?”

ఇన్స్పెక్టరు రసీదు వైపు చూశాడు. అరవై తీసుకున్నానని రాసి నూటముప్పై ఒకటి తీసుకుపోతే మిగతా డెబ్బై ఒకటి ఎక్కడివని అడుగుతారు. నూటముప్పై ఒకటి అని రాస్తే ఎవరు కొన్నారని అడుగుతారు. విప్పి కుట్టారని రాస్తే ఎందుకు కుట్టారని అడుగుతారు. తూకం కోసం అని రాయాలి. తూకం ఎవరు వెయ్యమన్నారు? ఆదెప్ప అయ్యవారు అప్పటికే ఆ కాగితం మడత విప్పి, కింద సంతకం కనబడేటట్టు పట్టుకుని నిలబడ్డాడు.

ఇన్స్పెక్టరు ఆయన మీద విరుచుకుపడ్డాడు. “తూకం అంటే పలాల తూకమా? బుద్ధి ఉందా మీకు?”

“మరి ఏ తూకం సార్?” అన్నాడు అయ్యవారు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఇన్స్పెక్టరు నోరు తెరిచాడు. ఏదో సభలో ఎవరో పెద్దమనిషి ఆ మాట అంటే అందరూ చప్పట్లు కొట్టారు. బాగుందని నోటుబుక్కులో రాసుకొచ్చి కాగితంలో ఎక్కించాడు. అంతకుమించి ఆ మాటతో ఆయనకు పరిచయం లేదు.

“తూకం అంటే... తూకమే. మీకు చెప్పినా అర్థం కాదు!” అని కూర్చున్నాడు.

చాలాసేపు గొడుగు కర్రతో నేల మీద గీతలు గీశాడు. చివరికి ఫారంలో గడులన్నీ వదిలేసి, అడుగున ఖాళీ చోట సన్నగా రాశాడు. ‘పుస్తకముల సంఖ్య విచారణలో ఉన్నది. విచారణ ముగియువరకు పెట్టెను ఈ గ్రామము నుండి కదల్చరాదు. ఇకమీదట పుస్తకములను విప్పరాదు, కుట్టరాదు, తూచరాదు.’

“అందాకా పిల్లోల్లకు ఇయ్యచ్చునా సార్?” అన్నాడు మాబు సాబ్.

ఇన్స్పెక్టరు దానికీ ఆలోచించాల్సి వచ్చింది. మూసిపెడితే చెదలు తింటాయి. చెదలు తింటే ఆ గడి నింపాలి. అరవైలో ఎన్ని తిన్నాయో రాయాలా, నూటముప్పై ఒకటిలోనా?

“ఇచ్చుకో! ఏమైనా చేసుకో. మళ్ళీ తూకం అనే మాట నా చెవిన పడకూడదు,” అన్నాడు.

రసీదు నాలుగు ముక్కలైంది. ఖాళీ బండి ఇన్స్పెక్టరును ఎక్కించుకుని, ఆయనను ఎత్తి కుదేస్తూ ఉరవకొండ దారి పట్టింది. ఆదెప్ప అయ్యవారు తక్కెడ విప్పి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, మాబు సాబ్‌ను మెల్లగా అడిగాడు.

“ఏమప్పా మాబూ, గ్రాముల్లో తూచింటే ఒప్పుకునేవాడంటావా?”

మాబు సాబ్ అయ్యవారిని కింది నుంచి మీదికి ఒకసారి చూశాడు. ఆయన ముప్పై ఏళ్ళ దర్జీతనంలో కొలతకు అందని మనిషి అయ్యవారు ఒక్కడే.

నాలుగింటికి గది తెరిచిన కాసేపటికి మారెక్క గుమ్మంలోకి వచ్చి పడింది. పరుగెత్తుకుని వచ్చినట్టుంది, ఎగపోస్తోంది.

“తాతా, పెట్టె పోయిందా?”

“పోలేదు. విచారణలో ఉండాది.”

“అంటే ఏమి?”

“అంటే నీకు పెండ్లయి, నీ పిల్లోల్లు వచ్చి సదువుకునేదాకా ఇది ఈన్నే ఉంటాది. సర్కారు విచారణ ముగిసింది నేనింతవరకూ సూడలేదు.”

మారెక్క పెట్టె మూత మీద చెయ్యి వేసి ఒకసారి తడిమి చూసుకుంది. తరువాత చెయ్యి చాచింది.

“అయితే ఐదో భాగం ఇయ్యి. తొంభై ఒకటో తలుపు కాడ ఉండా.”

“ఇప్పుడే కుళ్ళాయప్ప కొండబోయినాడు.”

“వాడు మూడో తరగతి గదా! నాలుగు పలాలు వానికెట్ల ఇచ్చినావు తాతా?” అని కేక వేసి, జవాబు వినకుండానే ఆమె దొడ్డి గోడ దూకి కుళ్ళాయప్ప ఇంటి దిక్కు పరుగు తీసింది.